కాలువ కట్టేసే గొంతు

మీరు ఎప్పుడైనా విజయవాడ గవర్నర్‌పేటలో సిగ్నల్ దగ్గర ఆగి ఉంటే డేనియల్ గారి గొంతు వినే ఉంటారు. పక్కనే మైకు కట్టిన ఆటో ఒకటి వచ్చి ఆగుతుంది. దుప్పట్లు, దిండు గలేబులు, కర్టెన్లు సగం ధరకే అని ఒక గొంతు మన పక్కనే నిలబడి పలకరిస్తున్నట్టు చెబుతుంది. గ్రీన్ లైటు పడేలోగా షాపు ఎక్కడుందో, ఆఫర్ ఎప్పటిదాకానో మన బుర్రలోకి ఎక్కిపోతుంది. ఆ గొంతు ఆయనదే. స్కూలు అడ్మిషన్లు, కంటి శిబిరం, కొత్త బిర్యానీ హోటలు, కరెంటు కోత, ఫలానావారు ప్రభువునందు నిద్రించారన్న కబురు, తుఫాను హెచ్చరిక, అన్నీ ఆయన నోటి మీదుగానే జనంలోకి వెళ్తాయి.

మనిషిని మాత్రం ఎవరూ గుర్తుపట్టరు. పొట్టిగా, బొద్దుగా ఉంటారు. చొక్కా జేబులో కళ్ళజోడు, చేతిలో మిరియాల నీళ్ళ ఫ్లాస్కు. సిటీ బస్సు ఎక్కితే కండక్టర్ రెండోసారి చూడడు.

ఆయన రికార్డింగ్ గది ఒక పాత లాడ్జి మెట్ల కింద ఉంటుంది. బయటి హారన్లు లోపలికి రాకుండా గోడల నిండా కోడిగుడ్ల అట్టలు అంటించి ఉంటాయి. పైన లాడ్జివాళ్ళు నీళ్ళ మోటారు వేస్తే మాత్రం ఆ అట్టలు కూడా ఏం చెయ్యలేవు. అప్పుడు డేనియల్ గారు వాక్యం మధ్యలోనే ఆగిపోతారు. ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉంచుతారు. మోటారు ఆగాక, ఆపిన చోటి నుంచి అదే ఊపిరితో అందుకుంటారు. తర్వాత రికార్డింగ్ వింటే ఎక్కడ అతుకు పడిందో తెలియదు. నేను చాలాసార్లు వెతికాను, దొరకలేదు.

ఆయన పుట్టింది కొండపల్లిలో. నాన్నగారు థర్మల్ స్టేషన్‌లో పనిచేసేవారు. తోటి పిల్లలకంటే ముందే డేనియల్ గారికి గొంతు మారి పెద్ద మగాడి గొంతు వచ్చేసిందట. దాంతో చర్చిలో ఫాదర్ గారు ఆదివారం పూజలో పఠనం చదివే పని అప్పగించారు. మొదటి వారం గడగడా చదివేసి, చాలా గొప్పగా చదివాననుకుని కిందికి దిగొస్తే, వాళ్ళ నాన్న ఇంటికి వెళ్ళాక ఒకటే అడిగారట.

"చివరి బెంచీలో శౌరమ్మ కూచుంటది. చెవులు సరిగ్గా వినపడవు, చదువు రాదు. ఆవిడకి అర్థమైందా?"

మరుసటి ఆదివారం నుంచి ఆయన శౌరమ్మ కోసమే చదివారు. ఆవిడ పోయి చాలా ఏళ్ళయింది. ఇప్పటికీ ఎవరైనా కాగితం తెచ్చి ఇస్తే, కళ్ళజోడు పెట్టుకుని చదివి, ఆయన మొదట అడిగేది అదే. "ఇది శౌరమ్మకి అర్థమవుద్దా?"

ఆయన దగ్గర మూడు గొంతులున్నాయి. వాటికి పేర్లు కూడా ఆయనే పెట్టుకున్నారు. సేల్ గొంతు, కబురు గొంతు, ఆఫీసు గొంతు. సేల్ గొంతు నవ్వుతూ ఉంటుంది. కబురు గొంతు చావు కబుర్లకి. ఆఫీసు గొంతు నవ్వదు, ఏడవదు, నమ్మిస్తుంది. కరెంటు కోతలు, తుఫాన్లు, అన్నింటికంటే ముఖ్యంగా వేసవిలో కాలువ కట్టేసే సంగతి ఆ గొంతుతోనే చెబుతారు. ఏటా ఎండలు ముదిరేముందు డెల్టా కాలువలకి నీళ్ళు ఆపేస్తారు కదా. ఆ రోజులు దగ్గరపడగానే పంచాయతీలవాళ్ళు వరసగా ఆయన దగ్గరికి వస్తారు. "కాలువలకు నీటి సరఫరా నిలిపివేయనున్నందున ప్రజలు నీటిని నిల్వ చేసుకోవలసిందిగా కోరుతున్నాము." ఈ ఒక్క వాక్యం, ఊరి పేరు మార్చుకుంటూ, ఎన్నో ఏళ్ళుగా ఆటోల మీద దివిసీమ దాకా తిరుగుతోంది.

పోయినేడు మార్చిలో సుస్మితక్క ఆ మెట్ల కింద గదికి వెళ్ళింది. సంచి మోసుకుంటూ వెనకాల నేను.

సుస్మితక్క ఉయ్యూరు దగ్గర రైతుల ఇంటి పిల్ల, మా కాలేజీలో నాకు సీనియర్. ఆమె పీహెచ్‌డీ అంతా సముద్రం వైపు ఉండే నడిపిలంక అనే ఊరి మీద. అక్కడ ఇంటింటికీ చేతి బోరు ఉంటుంది. మూడేళ్ళ కిందట ఆ ఇళ్ళకి తిరిగి, బోరు నీళ్ళు సీసాల్లో పట్టి, గర్భిణీలకి బీపీ చూసి, వాళ్ళు ఏ నీళ్ళు తాగుతున్నారో అడిగి రాసుకుంది. లెక్కలన్నీ కట్టేసరికి తేలింది ఏంటంటే, వేసవిలో ఆ బోర్లలో ఉప్పు బాగా ఎక్కువవుతోంది. అలవాటైన నాలుకకి అది తెలియడం లేదు. ఆ నీళ్ళు తాగే గర్భిణీల్లో బీపీ కూడా ఎక్కువమందికి కనిపించింది. ఆ పేపరు ఒక విదేశీ పత్రికలో అచ్చయింది. డిపార్ట్‌మెంట్‌లో కేక్ కోశాం. ఫోటోలు దిగాం.

కేక్ తింటూ సుస్మితక్క అడిగింది, "ఈ పేపరు ఎవరు చదువుతార్రా?"

"ఇలాంటి పేపర్లే రాసేవాళ్ళు," అన్నాను.

ఆమె ప్లేటు పక్కన పెట్టేసింది. మరుసటి వారమే నడిపిలంక పంచాయతీ ఆఫీసులో మీటింగ్ పెట్టించింది. వచ్చినవాళ్ళంతా మగవాళ్ళు. టీ తాగారు, తల ఊపారు, చాలా బాగా చెప్పావమ్మా అన్నారు. ఒక్క గర్భిణీ రాలేదు. ఎందుకొస్తారు? ఆ టైముకి వాళ్ళు పొయ్యి దగ్గర ఉంటారు. పొయ్యి దగ్గరికి కూడా వెళ్ళగలిగేది ఏంటి అని ఆలోచిస్తే మైకు ఆటో గుర్తొచ్చింది.

డేనియల్ గారు ఆమె రాసుకొచ్చిన కాగితం తీసుకుని, మైకు ఆన్ చేసి, గంభీరంగా చదవడం మొదలుపెట్టారు. "భూగర్భ జలాల లవణీయతకు, గర్భిణీ స్త్రీల రక్తపోటుకు మధ్య గణాంకపరంగా ప్రాధాన్యత గల సంబంధం గమనించబడినది..." అక్కడికి రాగానే పైన మోటారు వేశారు. ఆయన చెయ్యి గాల్లోనే ఉంచి, మైకు ఆపేసి, మెల్లగా నవ్వారు.

"అమ్మా, ఇది ఊళ్ళో వేస్తే ముందు మా ఆటో లక్ష్మీకాంతే దిగి పారిపోతాడు."

"పేపర్లో అలాగే ఉందండీ."

"పేపర్ని ఏమనట్లేదమ్మా. దుప్పట్లవాడు నా దగ్గరికొస్తే మూడు చెబుతాడు. ఏంటి, ఎక్కడ, ఎప్పటిదాకా. నువ్వు ఏంటి అన్నదొక్కటీ చెప్పావు, అదీ దాచిపెట్టి. ఇంతకీ వాళ్ళని ఏం చెయ్యమంటావు?"

సుస్మితక్క సంచిలోంచి పేపరు తీసి తిరగేసింది. పేపరు చివర్లో ఇంకా పరిశోధన జరగాలని రాసి ఉంది. అది ఆటోలో చెప్పే మాట కాదు.

"బోరు నీళ్ళు మానేసి పంచాయతీ కుళాయి నీళ్ళు తాగాలండీ. వంటకి కూడా అవే. ముఖ్యంగా గర్భిణీలు. ఆ కుళాయికి నీళ్ళు కాలువతో నింపే చెరువు నుంచి వస్తాయి, వాటిల్లో ఉప్పు లేదు. వేసవిలో పాచి వాసన వస్తాయని ఎవరూ తాగరు."

"అదీ. అట్టా చెప్పు. ఇప్పుడు, బీపీ వచ్చేది బోరు నీళ్ళవల్లే అని చెప్పేద్దామా?"

"వద్దండీ. రెండూ కలిసి కనిపించాయి, అంతే. నీళ్ళవల్లే అని ఖాయంగా చెప్పడానికి లేదు."

నేనైతే ఆయన విసుక్కుంటారనుకున్నాను. ప్రకటనలు చేసే మనిషికి 'ఖాయంగా లేదు' అన్న మాటతో పనేముంటుంది? కానీ డేనియల్ గారు కుర్చీలో ముందుకి జరిగారు. ఫ్లాస్కు మూత తీసి రెండు గుక్కలు తాగారు. ఆ పూటంతా ఆ ఒక్క మాట దగ్గరే కూచున్నారు. ఎక్కువ చెప్పకూడదు, భయపెట్టకూడదు, అలాగని ఏం చెప్పనట్టూ ఉండకూడదు. కాగితాలు చింపారు, మళ్ళీ రాశారు, పైకి చదివారు, శౌరమ్మని తలుచుకున్నారు. చివరికి ఇలా వచ్చింది: "ఆ నీళ్ళు తాగినవారిలో బీపీ ఎక్కువగా కనిపించింది. నీళ్ళవల్లే అని ఖాయంగా చెప్పలేరు. ఖాయమయ్యేదాకా మనం ఆగక్కర్లేదు."

సుస్మితక్క ఆ కాగితం తీసుకుని మళ్ళీ చదివింది. "మా గైడ్ గారు కూడా దీనికి సంతకం పెడతారండీ," అంది.

ఇక ఏ గొంతుతో చెప్పాలన్నది మిగిలింది. ఆయనకి అందులో అనుమానమే లేదు. "సేల్ గొంతు అయితే నవ్వుతారు. కబురు గొంతు అయితే ఎవరు పోయారని పరిగెత్తుకొస్తారు. ఆఫీసు గొంతే. జనం నమ్మేది దాన్నే."

అక్కడే పొరపాటు జరిగింది.

రెండు రోజుల తర్వాత పొద్దున్నే లక్ష్మీకాంత్ ఆటో నడిపిలంకలోకి దిగింది. వెనకాల స్కూటీ మీద సుస్మితక్క, నేను. ఊరి మొదట్లోనే రికార్డు ఆన్ చేశాడు. "నడిపిలంక గ్రామ ప్రజలకు గమనిక. గమనిక. మీరు వాడే నీళ్ళ గురించి ముఖ్యమైన విషయం..."

అంత బాగా పనిచేస్తుందని మేం కూడా అనుకోలేదు. ప్రతి ఇంట్లోంచి ఆడవాళ్ళు బయటికొచ్చారు. సుస్మితక్క మొహం వెలిగిపోయింది. అంతలో వాళ్ళు వచ్చినంత వేగంగా లోపలికి వెళ్ళిపోయారు. మరుక్షణంలో బిందెలు, బకెట్లు, నీలం డ్రమ్ములు బయటికొచ్చాయి. ఏ ఇంటి బోరు దగ్గర చూసినా కొట్టుడే కొట్టుడు. ఆ కిర్రుకిర్రుల మధ్య మైకులో డేనియల్ గారు బోరు నీళ్ళు తాగొద్దని ప్రశాంతంగా చెబుతూనే ఉన్నారు. ఒక్కరు వింటే ఒట్టు.

ఒకింటి ముందు ఆటో ఆపించాం. ఒక పెద్దావిడ బోరు కొడుతోంది. పక్కనే కడుపుతో ఉన్న ఒక అమ్మాయి నిండిన బిందె ఎత్తబోతోంది. అమ్మాయి పాదాలు వాచి, చెప్పుల పట్టీలు లోపలికి దిగిపోయి ఉన్నాయి.

"ఏం చేస్తున్నారండీ?" అంది సుస్మితక్క.

"కనపట్టంలా? కాలువ కట్టేస్తున్నారుగా," అంది ఆవిడ కొట్టడం ఆపకుండా.

"కాలువ సంగతి కాదండీ ఆయన చెప్పేది. వినండి ఒకసారి."

"ఆయన గొంతు వినపడ్డాక ఇంక వినేదేముంది అమ్మాయ్, డ్రమ్ము తియ్యటమేగా. కాలువ ఆగితే వారం తిరక్కుండా బోరు ఉప్పెక్కుద్ది. తియ్యగా ఉన్నప్పుడే పట్టుకోవాలి. నెల్లాళ్ళు ఇవే తాగాలి మేము."

ఆవిడ పేరు అమలమ్మ. ఆ అమ్మాయి ఆవిడ కోడలు జెస్సికా. నడిపిలంకలో డేనియల్ గారికి పేరేమీ లేదు. 'కాలువ కట్టేసేవాడు' అంటారు. ఏటా ఆ గొంతు రావడం, ఆ రోజే ఊరు ఊరంతా బోరు నీళ్ళు నిల్వ పెట్టుకోవడం. ఆ ఊరి పెళ్ళిళ్ళకి ముహూర్తం తప్పొచ్చేమో గానీ ఇది తప్పదు. మేం ఏ నీళ్ళు తాగొద్దని చెప్పడానికి వెళ్ళామో, ఆ నీళ్ళే నెలకి సరిపడా నింపించి వచ్చాం.

సుస్మితక్క రోడ్డు పక్కన నిలబడి ఫోన్ చేసింది. జరిగింది చెప్పింది.

"ఆ కడుపుతో ఉన్న పిల్ల కూడా పట్టిందా?" అని అడిగారు డేనియల్ గారు.

"బిందె మోసిందండీ."

"రేపు నేనొస్తా," అన్నారు. అన్నేళ్ళలో ఆయన గొంతు వెళ్ళని ఊరు లేదు, ఆయన మాత్రం ఏ ఊరికీ దాని వెనకాల వెళ్ళలేదు.

మర్నాడు పొద్దున బస్సు దిగి, ఫ్లాస్కు పట్టుకుని, ఎండలో నడుచుకుంటూ వచ్చారు. తిన్నగా అమలమ్మ ఇంటికి తీసుకెళ్ళాం. అరుగు మీద కూచుని, "అమ్మా, కాస్త మంచినీళ్ళు ఇస్తారా?" అన్నారు.

అమలమ్మ గ్లాసు తెస్తూ గుమ్మంలోనే ఆగిపోయింది. ఆయన వంక కిందికీ పైకీ చూసింది.

"మళ్ళీ అనండి."

"కాస్త మంచినీళ్ళు ఇస్తారా అన్నానండి."

"ఓసి రావమ్మా," అని పక్కింటి వైపు కేకేసింది, "ఇటు రా. కాలువ కట్టేసేవాడు మనింటికొచ్చాడు."

పావుగంటలో అరుగు నిండిపోయింది. ఆడవాళ్ళంతా ఆయన్ని చూడ్డానికొచ్చారు. ఒకావిడ, "ఇంత పొట్టోడా? నేను పోలీసులాగా ఉంటాడనుకున్నా," అంది. ఇంకో ఆవిడ, "ఒకసారి గమనిక అనండి అన్నయ్యగారూ," అంది. ఆయన "గమనిక" అన్నారు. నవ్వులతో అరుగు అదిరింది. పక్కింటి రావమ్మ మాత్రం నవ్వు ఆపి, "పోయినేడు మీరు గురువారం అన్నారు, కాలువ మంగళారమే కట్టేశారు. మా డ్రమ్ము సగమే నిండింది," అని నిలదీసింది. అది తను రాసింది కాదని ఆయన ఎంత చెప్పినా ఆవిడ ఒప్పుకోలేదు. ఆ గొంతు ఎవరిదైతే తప్పు వాళ్ళదే.

ఆ సందడిలో అమలమ్మ సుస్మితక్కని గుర్తుపట్టింది.

"నువ్వు సీసాల అమ్మాయివి కదూ? మూడేళ్ళనాడు మా బోరు నీళ్ళు పట్టుకుపోయావు. రేపు మాపు వచ్చి చెబుతానన్నావు."

"అవునండీ. అది చెప్పడానికే వచ్చాను."

డేనియల్ గారు తనే మాట్లాడతారనుకున్నాను. ఆయన మాత్రం సుస్మితక్క వైపు చూసి, వేలితో అరుగు చివర చూపించారు. అక్కడ గోడకి ఆనుకుని ఒక ముసలావిడ చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని కూచుని ఉంది. సుస్మితక్కకి అర్థమైంది. ఆవిడకి వినపడేలా, ఆవిడకి తెలిసేలా చెప్పింది. వాళ్ళు తియ్యగా ఉన్నాయనుకునే బోరు నీళ్ళలోనే ఉప్పున్న సంగతి, బీపీ సంగతి, ఖాయం కాని సంగతి కూడా.

"మేము కాచే తాగుతాం," అంది రావమ్మ.

"కాచితే పురుగులు చస్తాయండీ, ఉప్పు పోదు. ఇంకా చిక్కనవుతుంది."

అరుగు మీద నవ్వులు ఆగిపోయాయి. జెస్సికా తల వంచుకుని పాదాల వైపు చూసుకుంటోంది. అమలమ్మ కోడలి పక్కన కూచుని నెమ్మదిగా అడిగింది.

"పోయినేడు దీనికి ఎనిమిదో నెల్లో బీపీ పెరిగి బిడ్డ దక్కలేదు. అది ఈ నీళ్ళవల్లేనా?"

"చెప్పలేనండీ," అంది సుస్మితక్క. "వేరే కారణాలు కూడా ఉండొచ్చు."

"అప్పటికి నీకు ఈ సంగతి తెలుసా?"

"లెక్కలు సగంలో ఉన్నాయి. పూర్తయ్యాక, అచ్చయ్యాక చెబుదామనుకున్నాను."

అమలమ్మ కోడలి పాదాలు ఒళ్ళోకి తీసుకుంది. తిట్టినా బావుండేది. డేనియల్ గారు గ్లాసులో నీళ్ళ వైపే చూస్తున్నారు. తర్వాత ఆయన అడిగిన ప్రశ్నకి మేమంతా ఆశ్చర్యపోయాం.

"అమలమ్మగారూ, మీ ఇంట్లో పప్పు బాగా ఉడుకుతోందా?"

"పప్పా? ఎండాకాలమొస్తే ఎక్కడ ఉడుకుద్ది. కుక్కర్ ఎన్ని కూతలేసినా బద్దలు బద్దలుగానే ఉంటది. కుక్కర్ మార్చాం. కందిపప్పు కొట్టు మార్చాం. సోడా ఉప్పు వేస్తున్నా."

"మా కొండపల్లిలో మా అమ్మ కూడా బోరు నీళ్ళు ఉప్పయితే పప్పు ఉడకట్లేదని తిట్టుకునేది. కుళాయి నీళ్ళతో ఎప్పుడైనా వండారా?"

"ఆ పాచి నీళ్ళతోనా?"

అప్పటికప్పుడు రెండు పొయ్యిలు వెలిగాయి. ఒక గిన్నెలో బోరు నీళ్ళు, ఒక గిన్నెలో రావమ్మ పట్టుకొచ్చిన పంచాయతీ కుళాయి నీళ్ళు, రెండింట్లో ఒకే డబ్బాలోంచి కందిపప్పు. ఆడవాళ్ళు చుట్టూ కూచున్నారు. గరిటె ఒకరి చేతిలోంచి ఒకరి చేతిలోకి మారింది. కుళాయి నీళ్ళ పప్పు వేలితో నొక్కితే వెన్నలా నలిగిపోయింది. బోరు నీళ్ళ పప్పు ఇంకా గింజ గింజలుగా పొర్లుతూనే ఉంది. పాచి వాసన కోసం వాసన చూశారు. కాగాక రాలేదు.

చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్న ముసలావిడ ఒక బద్ద నోట్లో వేసుకుని, "నా కోడల్ని పదేళ్ళ నుంచి తిడుతున్నానే," అంది. మళ్ళీ నవ్వులు.

ఇది పరీక్ష కాదని, దీంతో బీపీ సంగతి రుజువైపోదని సుస్మితక్క చెప్పబోయింది. డేనియల్ గారు చెయ్యి గాల్లోకి ఎత్తారు, లాడ్జిలో మోటారు వేసినప్పటిలాగే. ఆమె ఆగింది.

"మీరు చెప్పిన ఉప్పు ఉందా లేదా అన్నది వీళ్ళు కళ్ళారా చూశారమ్మా. మిగతాది మీ మాట మీద నమ్ముతారు," అన్నారు.

మిగతా ఊరికి చెప్పాలి. అందరూ ఆయన మళ్ళీ మైకులో చెబుతారనే అనుకున్నారు. రావమ్మ, "ఈసారి గమనిక అనకుండా చెప్పండి," అని సలహా కూడా ఇచ్చింది. ఆయన తల అడ్డంగా ఊపారు.

"నేను ఏం చెప్పినా మీరు డ్రమ్ము తీస్తారమ్మా. అది మీ తప్పు కాదు. నా గొంతుకి ఈ ఊళ్ళో ఒకటే అర్థం." జేబులోంచి ఫోన్ తీసి, రికార్డింగ్ పెట్టి, అమలమ్మ ముందుకి జరిపారు. "మీరు చెప్పండి."

"నేనా? నాకు మైకుల్లో మాట్లాడ్డం రాదు."

"మైకులో మాట్లాడొద్దు. రావమ్మగారి మీద కోపమొస్తే ఎట్టా అరుస్తారో అట్టా చెప్పండి."

గొంతుతోనే బతికిన మనిషి ఆ రోజు పక్కకి తప్పుకుని, ఇంకొకరి గొంతు కోసం కూచున్నారు. నాకు ఆయన మీద ఉన్న గౌరవమంతా అక్కడ మొదలైంది. ఆవిడ మొదట పుస్తకంలా మాట్లాడింది, ఆపించారు. సిగ్గుపడింది, ఆగారు. ఒకసారి కోడి కూసింది, అది ఉండనిచ్చారు. చివరికి వచ్చింది ఇది:

"నేను అమలమ్మని. జెస్సికా అత్తని. ఒసే, ఇది కాలువ సంగతి కాదు, బిందె కింద పెట్టండి. సీసాల అమ్మాయి వచ్చింది. మన బోర్లల్లో ఉప్పుంది. మన నాలుక్కి తెలియట్లా, పప్పుకి తెలిసింది. కడుపుతో ఉన్నవాళ్ళు ఆ నీళ్ళు తాగొద్దు, వండొద్దు. అవి తాగినవాళ్ళల్లో బీపీ ఎక్కువ కనపడింది. వాటివల్లే అని వాళ్ళు గట్టిగా చెప్పట్లేదు, నేనూ చెప్పట్లేదు. నా కోడలికి మాత్రం పొయ్యను. కుళాయి నీళ్ళు కాచుకోండి, వాసన పోద్ది. నమ్మకపోతే మా ఇంటికొచ్చి పప్పు చూడండి. డ్రమ్ముల్లో నీళ్ళు పారబొయ్యకండి, బట్టలకి, గేదెలకి వాడండి."

సాయంత్రం లక్ష్మీకాంత్ ఆటో ఊరంతా తిరిగింది. డేనియల్ గారు ఒక మూల నిలబడి విన్నారు. ఒక్కరూ బోరు కొట్టలేదు. ఇంటి ముందు నిలబడి ఆడవాళ్ళు మొత్తం విన్నారు. కొందరు, "అమలక్క గొంతేనా అది, ఏం అరుస్తోందే," అని నవ్వుకున్నారు. ఒకావిడ గిన్నె పట్టుకుని అమలమ్మ ఇంటికి నిజంగానే బయల్దేరింది. డేనియల్ గారు నా వైపు తిరిగి, "శౌరమ్మకి అర్థమైంది," అన్నారు.

ఆ రాకపోకల్లోనే ఊళ్ళో ఉండే నర్సు వచ్చి జెస్సికాకి బీపీ చూసింది. ఎక్కువే ఉంది. మర్నాడే విజయవాడ ఆసుపత్రికి తీసుకెళ్ళారు. మందులిచ్చి, వారం వారం చూపించుకోమన్నారు. అమలమ్మ కోడలికి కుళాయి నీళ్ళు తప్ప ఇంకోటి పొయ్యలేదు. ఆ మూడు నెలలూ డేనియల్ గారు ప్రతి ఆదివారం పూజ అయ్యాక ఫోన్ చేసి, "పాప ఎట్టా ఉందండి?" అని అడిగేవారట. ఆయన జెస్సికానే పాప అనేవారు.

జూన్ చివర్లో నేను, సుస్మితక్క మెట్ల కింద గదిలో ఉండగా అమలమ్మ ఫోన్ చేసింది. ఆడపిల్ల, ఇద్దరూ క్షేమం. ఆయన ఫోన్ పెట్టేసి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"అమ్మా సుస్మితా, ఇది నీళ్ళు మార్చడం వల్లేనా?"

"చెప్పలేమండీ. మందులు వేశారు, వారం వారం చూపించుకున్నారు. ఒక్కరిని చూసి అనకూడదు."

"సరే. బిడ్డ బాగుందనన్నా చెప్పొచ్చా?"

"అది చెప్పొచ్చండీ," అంది సుస్మితక్క.

ఆ తర్వాత ఆ గదికి మా కాలేజీ వాళ్ళు చాలామంది వెళ్ళడం మొదలుపెట్టారు. వన్ టౌన్‌లో బస్తాలు మోసేవాళ్ళ నడుంనొప్పుల మీద పేపరు రాసినవాళ్ళు, చేపల చెరువుల మీద రాసినవాళ్ళు. కొందరు కాగితం ఇచ్చి వెళ్ళిపోబోతారు. ఆయన వెళ్ళనివ్వరు. శౌరమ్మ ప్రశ్న అడుగుతారు. దాని తర్వాత ఇప్పుడు ఇంకోటి అడుగుతున్నారు. "ఆ ఊళ్ళో నా గొంతు వింటే ఏం చేస్తారో ముందు కనుక్కుని రండి."

ఈ ఏడు కూడా కాలువ కట్టేశారు. పంచాయతీవాళ్ళు మామూలుగానే కాగితం తెచ్చారు. నడిపిలంక రికార్డులో మాత్రం డేనియల్ గారు ఆఫీసు గొంతుతో "నీటిని నిల్వ చేసుకోవలసిందిగా కోరుతున్నాము" అనేసి ఊపిరి ఆపారు. ఆ వెనకే, అతుకు తెలియకుండా, కోడి కూత, దాని మీద అమలమ్మ. "ఏ నీళ్ళో అడగరేం? కుళాయివి. బోరు జోలికెళ్ళారంటే నేనొస్తా."

ఆ పొద్దున నేను నడిపిలంకలోనే ఉన్నాను. ఆటో మలుపు తిరగ్గానే ఇళ్ళలోంచి బిందెలు, డ్రమ్ములు ఎప్పటిలాగే బయటికొచ్చాయి. ఆ అలవాటు పోలేదు. కానీ అవి బోర్ల వైపు తిరగలేదు. పంచాయతీ కుళాయి దగ్గర వరస కట్టాయి. వరసలో రావమ్మ ముందు నిలబడి ఎవరితోనో పోట్లాడుతోంది. ఆమె వెనక జెస్సికా, చంకలో పిల్ల. పిల్ల మైకు వైపు తల తిప్పి, నోరు తెరుచుకుని, వాళ్ళ నానమ్మ గొంతు ఎక్కడి నుంచి వస్తోందా అని వెతుకుతోంది.